ఉబ్బరానికి పప్పే కారణమా?

చలికాలం వచ్చిందంటే పెనుకొండ, హిందూపురం, ధర్మవరం వైపు వంటిళ్లలో అనపకాయలదే రాజ్యం. గింజలు నానబెట్టి, తోలు తీసి వండిన పితికిన పప్పు, పక్కన వేడివేడి రాగిసంగటి... ఆ రుచే వేరు! ఇక ఉలవకట్టు, అలసంద వడలు, పండగపూట ఓలిగలు సరేసరి. తీరా తిన్న కొన్ని గంటలకు కడుపు ఉబ్బరం మొదలవుతుంది. 'ఇకపై పప్పుల జోలికే పోను' అని ఒట్టు పెట్టుకునేవారూ ఉన్నారు. అలా మానేస్తే మాంసకృత్తులు, పీచు రెండూ పోగొట్టుకున్నట్టే!

ఎందుకిలా?

పప్పుల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వీటిని విడగొట్టే ఎంజైము మన చిన్నపేగుల్లో ఉండదు. దాంతో అవి నేరుగా పెద్దపేగుకు చేరతాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టినప్పుడు గ్యాస్ పుడుతుంది. ఉల్లి, వెల్లుల్లి, క్యాబేజీతోనూ ఇంతే. కొందరికి పాలలోని లాక్టోజ్ అరగదు. గబగబా తింటే మింగే గాలి, కూల్‌డ్రింకుల్లోని గ్యాస్ వీటికి తోడు. రోజుకు 10 నుంచి 20 సార్లు గ్యాస్ పోవడం మామూలే. అది జబ్బు కాదు.

ఇలా చేసి చూడండి

* ఉలవలు, అలసందలు, శనగలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. చక్కెరలు కొంతవరకు అందులోకి దిగిపోతాయి. ఉలవకట్టుకు ఉడికించిన నీళ్లే ప్రాణం కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం.
* మొలకెత్తించి, మెత్తగా ఉడికిస్తే ఇంకా మేలు.
* అలవాటు లేనివారు కొద్దికొద్దిగా మొదలుపెట్టి, కొన్ని వారాల్లో పెంచుకోవాలి.
* పాలు పడనివారికి పెరుగు, మజ్జిగ చాలావరకు సరిపడతాయి.
* ఏది తింటే ఉబ్బరం వస్తోందో వారంపాటు రాసుకోండి. అనుమానమున్న ఒక్కదాన్నే కొన్నాళ్లు ఆపి చూడండి. అన్నీ ఒకేసారి మానేస్తే అసలు దొంగ దొరకడు!

అన్నీ గ్యాస్ నొప్పులు కావు

ఛాతీ పట్టేసినట్టుండి చెమటలు పడుతున్నా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకుతున్నా 'గ్యాసేలే' అని సోడా తాగుతూ కూర్చోవద్దు. అది గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. బరువు తగ్గడం, మలంలో రక్తం, వారాల తరబడి తగ్గని ఉబ్బరం కనిపిస్తే డాక్టరును కలవాలి. ముఖ్యంగా యాభై దాటిన ఆడవాళ్లలో కొత్తగా మొదలై తగ్గని ఉబ్బరం అండాశయ క్యాన్సర్‌కు సూచన కావచ్చు. ఇంట్లో అమ్మో, అత్తమ్మో 'కడుపుబ్బరంగా ఉంది' అని రోజూ అంటుంటే వాము నమిలించి ఊరుకోకండి. ఒకసారి పరీక్ష చేయించండి.