పేరు కాదు, శాతం అడగండి!

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడు ఉన్నాడు. వాళ్ల నాన్న చేపలు అమ్ముతాడు. తెల్లవారుజామున తండ్రితోపాటు చేపల గంపలు దించి, స్నానం చేసి బడికి వస్తాడు. అయినా పక్కవాళ్లు ముక్కు మూసుకొని నవ్వేవారు. ఒకనాడు ఆ కుర్రవాడు దాచుకున్న డబ్బంతా పెట్టి పెద్ద సెంటు సీసా కొన్నాడు. మొదటి పీరియడులో గదంతా గుబాళించింది. మూడో పీరియడుకల్లా వాసన మాయం! "మాస్టారూ, కొట్టతను నీళ్లు కలిపి అమ్మాడండీ" అన్నాడు కళ్లనీళ్లతో.

సీసా తీసుకొని చూశాను. కొట్టతని తప్పేమీ లేదు. దానిమీద "ఓ డి కొలోన్" అని ఉంది.

సెంటు అంటే ఏమిటి? మీరు పాఠంలో చదువుకున్న ద్రావణమే. ఇందులో ద్రావణి ఆల్కహాలు, దానితో కొద్దిగా నీరు. ద్రావితం సుగంధ తైలాలు, సుగంధ రసాయనాలు. ద్రావణం గాఢతను బట్టే పేర్లు మారుతాయి. సాధారణంగా ఓ డి కొలోన్‌లో సుగంధ ద్రవ్యం 2 నుండి 5 శాతం ఉంటుంది. ఓ డి టాయిలెట్‌లో 5 నుండి 15, ఓ డి పర్ఫ్యూమ్‌లో 15 నుండి 20, ఉత్త పర్ఫ్యూమ్‌లో 20 నుండి 30 శాతం. (నవ్వకండి, ఫ్రెంచి భాషలో ఆ "టాయిలెట్" అంటే ముస్తాబు!) కొలోన్ అనేది జర్మనీలోని ఒక నగరం పేరు. 1709లో అక్కడ ఏర్పడిన ఫరీనా సంస్థ తయారుచేసిన సుగంధ జలానికి ఆ పేరు వచ్చింది.

మరి వాసన ఎందుకు పారిపోయింది? ఆల్కహాలు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కనుక ఒంటి వేడికే ఇట్టే ఆవిరవుతుంది. నిమ్మ, నారింజ తొక్కల్లోని లిమోనీన్ 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అదీ తొందరగానే ఎగిరిపోతుంది. 285 డిగ్రీల దగ్గర మరిగే వెనిలిన్ వంటివి, గంధపు నూనె, వట్టివేళ్ల నూనె వంటివి నిదానంగా కదులుతాయి. కొలోన్‌లో శాతమూ తక్కువే, నిమ్మజాతి తైలాలూ ఎక్కువే. ఇక నిలిచేదెలా? ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో సంప్రదాయ పద్ధతిలో పూల ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి అత్తరు చేస్తారు. అందులో ఆల్కహాలు ఉండదు. ఒక్క చుక్క గంటలకొద్దీ నిలుస్తుంది.

ఇప్పుడొక లెక్క చేయండి. 4 శాతం కొలోన్ 100 మిల్లీలీటర్ల సీసాలో సుగంధ ద్రవ్యం ఎంత? 4 మిల్లీలీటర్లు. 18 శాతం ఓ డి పర్ఫ్యూమ్ 30 మిల్లీలీటర్ల బుల్లి సీసాలో? 5.4 మిల్లీలీటర్లు! పెద్ద సీసాలో కంటే చిన్న సీసాలోనే ఎక్కువ ఉంది.

కాని ఈ లెక్క చేయాలంటే శాతం తెలియాలి. చిక్కంతా అక్కడే ఉంది. పాల పాకెట్ చూడండి. టోన్డ్ పాలంటే కనీసం 3 శాతం వెన్న ఉండాలని నియమం ఉంది. యూరియా బస్తా మీద నత్రజని 46 శాతమని అచ్చువేస్తారు. సెంటు పేర్లకు అటువంటి కట్టుదిట్టమైన హద్దులు లేవు. ఒక కంపెనీ టాయిలెట్ అన్నదాన్ని మరో కంపెనీ పర్ఫ్యూమ్ అనవచ్చు. కొన్ని సీసాల మీద "80%" అని కనబడితే మోసపోకండి. అది ఆల్కహాలు శాతం!

సుగంధ ద్రవ్యం శాతాన్ని ప్రతి సీసా మీదా అచ్చువేయాలని నా అభిప్రాయం. "మా తయారీ రహస్యం బయటపడుతుంది" అని కంపెనీలు అనవచ్చు. సాంబారులో ఎన్ని చెంచాల పొడి వేశారో చెబితే, ఆ పొడిలో ఏమేమి దంచి కలిపారో తెలిసిపోతుందా? శాతం ఎక్కువైనంత మాత్రాన సెంటు మంచిదని కాదు, నిజమే. ఏ ద్రవ్యాలు వాడారన్నదీ ముఖ్యమే. అయినా డబ్బిచ్చి కొనేవాడికి దేనికి ఎంత ఇస్తున్నాడో తెలియవద్దా?

ఇక మా కుర్రవాడి సంగతి. చేపల వాసనకు ముఖ్య కారణం ట్రైమిథైల్ ఎమీన్ అనే క్షారం. నిమ్మరసంలోని ఆమ్లం దానితో కలిసి ఆవిరికాని లవణంగా మారుస్తుంది. "చేతులకు నిమ్మచెక్క రుద్దుకొని కడుక్కో నాయనా" అన్నాను. మర్నాడు అదే పాఠం తరగతికంతటికీ చెప్పాను. ముక్కు మూసుకున్నవాళ్లలో ఇద్దరు తలలు వంచుకున్నారు.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా సెంటు కొంటుంటే "ఇందులో సుగంధం ఎంత శాతం?" అని అడగండి. ఒక్కరు అడిగితే కొట్టతను నవ్వి ఊరుకుంటాడు. వందమంది అడిగితే ఆ ప్రశ్న కంపెనీదాకా వెళ్తుంది.