శకుని పాచికలు - సర్వరు కాపలా

మధ్యాహ్న విరామమున మన పాఠశాల ఆవరణలో కొందరు బాలురు వాదులాడుచుండగా వింటిని. ముందునాటి రాత్రి ఫోనులో ఆడిన తుపాకుల ఆటలో ఎవరో తమను మోసముతో ఓడించిరట! "గోడచాటున నున్నవాడను నేను వాని కెట్లు కనబడితిని?" అని యొకని రోషము. ఆ రోషము న్యాయమైనదే. కాని దానిని తుదివరకు విచారించినచో మన యింటి గడప వద్దకే వచ్చి నిలుచును. ఆ సంగతియే ఇచట మనవి చేయదలచితిని.

వారాడునది బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. దీనిని నడపునది క్రాఫ్టన్ అను కొరియా సంస్థ. దాని భారతీయ శాఖ మన బెంగుళూరులోనే కలదు. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో ప్రభుత్వము నిషేధించిన పిమ్మట, 2021 జూలైలో ఈ యాట వెలువడెను. 2022 జూలైలో ఇదియు నిలుపబడి, 2023 మే నెలలో మరల వచ్చెను.

ఇందలి మోసమెట్టిది? శకుని తన పాచికలను తానే తెచ్చెనని మన పెద్దలు చెప్పుదురు. ఈ యాటలోని చిక్కును అదియే. ఆట నడచు ఫోను ఆటగాని చేతిలోనే యుండును. దానిలో చొరబడి ఆట లెక్కలను మార్చు దొంగ ప్రోగ్రాములు కలవు. ఒకటి తుపాకి గురిని తానే శత్రువుపై నిలుపును. ఒకటి గోడల వెనుకనున్న వారిని చూపును. మరియొకటి పరుగు వేగమును పెంచును.

దీనికి కాపలా మూడు విధములు. మొదటిది ఫోనులోనే యుండి, ఆట ఫైళ్లు మారినవా, తెలిసిన దొంగ ప్రోగ్రాము ఏదైన నడచుచున్నదా యని వెదకును. కాని దొంగ యింటిలోనే కాపలా పెట్టినచో, దాచుటకు చోటులన్నియు దొంగకే తెలియును. రెండవది సర్వరు చేయు కాపలా. అది ఫోను చెప్పినదెల్ల నమ్మదు. "క్షణములో ఊరు దాటితిని" అనినచో, లెక్క చూచి, అసాధ్యమని త్రోసిపుచ్చును. ఇది మొదటిదానికంటె గట్టిది. ఏలయన పాచికలు ఇపుడు ఆటగాని చేతిలో లేవు. మూడవది మనుష్యుల కాపలా: తోటి ఆటగాండ్రు ఫిర్యాదు చేయుదురు, పరిశీలకులు జరిగిన ఆటను మరల చూతురు. తప్పు తేలినచో ఖాతా నిషేధింపబడును. 2021లో క్రాఫ్టన్ ఫోనునే నిషేధించు పద్ధతిని గూడ తెచ్చెను.

మోసము చేసినవానితోనే నష్టము ఆగదు. 2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన కౌంటర్-స్ట్రైక్ అను కంప్యూటరు ఆట పోటీలో భారతదేశపు ఆటగాడొకడు దొంగ ప్రోగ్రాముతో పట్టుబడెను. జట్టు మొత్తము పోటీనుండి తొలగింపబడెను; పిదప ఆ జట్టే రద్దయ్యెను. నిర్దోషులైన సహచరులును వానితోపాటు వీధిన పడిరి.

ఇక గడప వద్దకు వత్తము. 2023లో ఈ యాట మరల వచ్చినపుడు, 18 ఏండ్లు నిండనివారికి తల్లిదండ్రుల సమ్మతి ఓటీపీ ద్వారా కావలెననియు, దినమునకు 3 గంటలకు మించి ఆడరాదనియు నియమము విధింపబడెను. మన పిల్లల తల్లిదండ్రులలో పలువురు తెలుగు మాత్రమే చదువగలరు. కన్నడమున గాని, ఇంగ్లీషున గాని ఫోనుకు వచ్చిన సందేశమును చదివి చెప్పువాడు కొడుకే. సమ్మతి కోరువాడును వాడే, ఆ కోరికను తండ్రికి తెలుగులో చెప్పువాడును వాడే! "బడి వారు పంపిన నంబరు నాన్నా" అనినచో, ఏ సర్వరు పట్టుకొనగలదు? పాచికలు మరల ఆటగాని చేతిలోనికే వచ్చినవి.

విద్యార్థులారా! గోడచాటున నున్న మిమ్ము చూచినవానిపై కోపించుట తగును. కాని తండ్రికి చదువరాని అక్షరముల చాటున దాగుటయు అట్టి మోసమే కాదా? రెండు భాషల నడుమ పెరుగుచున్న మీరు ఇంటికి దుబాసీలు. దుబాసీ మాట తప్పినచో ఆ యింటికి వేరొక సాక్షి లేడు.

ఆటను మాన్పింపుడని నేను కోరను. తల్లిదండ్రులు సందేశమంతయు తెలుగులో చెప్పించుకొని, ఎందులకో తెలిసిన పిమ్మటనే నంబరు చెప్పవలెను. సందేహమైనచో మా యుపాధ్యాయులను అడుగవలెను. మేమును తెలుగు తరగతిలో పద్యములతోపాటు ఇట్టి సందేశమునొకదానిని ఉన్నదున్నట్లు తెనిగించుట నేర్పవలెను. ఆ యభ్యాసమునకు ఇచ్చు మార్కులు కొద్దియే కావచ్చును. ఇంటికి కలుగు మేలు కొద్దిది కాదు.