చౌక టిక్కెట్టు – చాటు రుసుములు

విమానయానం ఒకనాడు సంపన్నులకు, ఉన్నతాధికారులకు మాత్రమే చెందిన భోగం. ఆ కాలం గతించినది. 2003లో ఎయిర్ డెక్కన్ సంస్థ మన దేశంలో చౌక ధరలకు విమానాలను నడుపుట ప్రారంభించినది. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో అదే బాటను పట్టినవి. ఎయిర్ డెక్కన్ కొన్ని ఏండ్లకే వేరొక సంస్థలో కలిసిపోయినా, అది చూపిన మార్గం నిలిచినది. నేడు శంషాబాదు విమానాశ్రయంలో నిలబడి చూచిన, పరీక్షకు పోవు విద్యార్థి, కూతురి పురిటికి పోవు తల్లి, గల్ఫు దేశాలకు పోవు మేస్త్రీ ఒకే వరుసలో కనబడుదురు. ఇది సంతోషింపదగిన మార్పే.

అయితే ఈ చౌకదనం వెనుక ఒక చిక్కు ఉన్నది. ప్రకటనలో కనబడిన ధర ఒకటి, ప్రయాణం ముగియునాటికి చేతినుండి జారిపోయిన సొమ్ము మరొకటి. సామానుకు ఒక రుసుము, కిటికీ ప్రక్క కుర్చీకి ఒక రుసుము, ఫలహారానికి ఒకటి, తేదీ మార్పుకు ఒకటి, టిక్కెట్టు కొన్నందుకు "సౌకర్య రుసుము" మరొకటి. మన అంగళ్లలో కొసరు అనగా అమ్మినవాడు కొన్నవానికి ఉచితంగా ఇచ్చునది. ఇక్కడ కొసరు కూడ కొన్నవాడే చెల్లించవలెను. అసలు కంటె కొసరు ముద్దు అన్న సామెత ఈ సంస్థలకు సరిగా సరిపోవును.

న్యాయంగా ఆలోచించిన, ఈ పద్ధతిని పూర్తిగా తప్పు పట్టుట కూడ తగదు. అమెరికాలో 1971లో విమానాలు నడుపనారంభించిన సౌత్‌వెస్ట్, తరువాతి దశాబ్దంలో ఐర్లండులో వెలసిన ర్యాన్‌ఎయిర్ వంటి సంస్థలు ఖర్చు తగ్గించి ధర తగ్గించు మార్గాన్ని లోకానికి చూపినవి. పుస్తకాల సంచి ఒక్కటే తీసికొని పోవు విద్యార్థి, మూడు పెట్టెలు తెచ్చిన వ్యాపారి సామాను ఖర్చును ఎందుకు మోయవలెను? భోజనం అక్కరలేనివాడు భోజనానికి ఎందుకు చెల్లించవలెను? ఎవరు వాడుకొన్నదానికి వారు చెల్లించుట ధర్మమే. సామానును ఉచితంగా చేరవేయుటనే తన కీర్తిగా చెప్పుకొన్న సౌత్‌వెస్ట్ సయితం 2025 మే నెలాఖరు నుండి చాలమంది ప్రయాణికుల సామానుకు వెల కట్టినది. ఈ ధోరణి ఇక వెనుకకు మరలదనియే తోచుచున్నది.

కాని ఇక్కడ ఒక భేదాన్ని గుర్తింపవలెను. మన కళాశాలలో ప్రక్కప్రక్కనే వినిపించు రెండు భాషలకు ఉమ్మడి ఆస్తి అయిన రెండు మాటలున్నవి: రుసుము, జరిమానా. ఒక సేవను కోరి పొంది చెల్లించునది రుసుము. తప్పు చేసినందుకు చెల్లించునది జరిమానా. చౌక విమాన సంస్థలు వసూలు చేయు అదనపు సొమ్ములో కొంత నిజంగా రుసుము. మరికొంత రుసుము ముసుగు వేసికొన్న జరిమానా. ముందుగా తెలిసి 5 కిలోల అదనపు సామానుకు చెల్లించినది రుసుము. అదే 5 కిలోలకు, నియమం తెలియక, విమానం బయలుదేరు వేళ కౌంటరు వద్ద హెచ్చు ధర చెల్లించినది జరిమానా. ఆ జరిమానా నేరానికి కాదు, తెలియనితనానికి.

ఇతర దేశాలలో ఈ చర్చ న్యాయస్థానాల వరకు పోయినది. ఐరోపా న్యాయస్థానం 2014లో వ్యూలింగ్ సంస్థ వ్యాజ్యంలో ఒక తీర్పు చెప్పినది. విమానం అడుగు అరలో వేయు సామానుకు వేరుగా వెల కట్టవచ్చును; చేతిసంచి మాత్రం, సహేతుకమైన బరువు, కొలతలకు లోబడియున్నంత వరకు, ప్రయాణంలో విడదీయరాని భాగమనియు దానికి అదనపు ధర కూడదనియు ఆ తీర్పు సారాంశం. 2024 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం చేతిసంచి రుసుములు తదితర కారణాలపై ఐదు విమాన సంస్థలకు మొత్తం సుమారు 17 కోట్ల 90 లక్షల యూరోల జరిమానా విధించినది. సంస్థలు దానిని అంగీకరింపలేదు. ఐరోపాలో చదువుకొనుచున్న మన తెలుగు విద్యార్థులకు ఇది దూరపు సంగతి కాదు. అక్కడి కొన్ని సంస్థలలో కుర్చీ క్రింద పట్టు చిన్న సంచి మాత్రమే ఉచితం. ముందుగా చెక్-ఇన్ చేసికొనక విమానాశ్రయానికి వచ్చినవారు ర్యాన్‌ఎయిర్‌కు 55 యూరోల వరకు చెల్లించుకొన్నారు. అది ఒక్కొక్కసారి టిక్కెట్టు ధరను మించిన మొత్తం.

మన దేశంలో ప్రయాణికునికి కొంత రక్షణ ఉన్నది. 2016 ఆగస్టు నుండి అమలులోనికి వచ్చిన నియమాల ప్రకారం, టిక్కెట్టు రద్దయినను, ప్రయాణికుడు రాలేకపోయినను, ప్రభుత్వ పన్నులను, విమానాశ్రయ రుసుములను తిరిగి ఇచ్చివేయవలెను. "తిరిగి ఇవ్వబడదు" అని వ్రాసిన ప్రత్యేక ధర టిక్కెట్టుకు కూడ ఇది వర్తించును. రద్దు రుసుము మూల ధర, ఇంధన రుసుముల మొత్తాన్ని మించరాదు. 2022 జూలైలో పౌర విమానయాన మంత్రిత్వ శాఖ, కౌంటరు వద్ద బోర్డింగ్ పాస్ ఇచ్చుటకు అదనపు సొమ్ము తీసికొనరాదని స్పష్టం చేసినది. 12 ఏండ్ల లోపు పిల్లలకు, ఒకే టిక్కెట్టుపై ప్రయాణించు తల్లిదండ్రులలో ఒకరి ప్రక్కన కుర్చీ ఇవ్వవలెనని 2024 ఏప్రిల్‌లో ఆదేశం వెలువడినది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదమూడు రకాల మోసపు పోకడలను నిషేధించినది. కొనుగోలుదారు కోరని వస్తువును అతని లెక్కలో చాటుగా చేర్చుట, ధరను కొంచెం కొంచెంగా బయటపెట్టుట వానిలోనివే.

నియమాలున్నంత మాత్రాన సరిపోదు. ప్రయాణికుడు మెలకువతో ఉండవలెను. ఆ మెలకువలు ఏవి?

మొదటిది టిక్కెట్టు కొనుటకు పూర్వమే సామాను నిర్ణయించుకొనుట. దేశీయ ప్రయాణంలో మన చౌక సంస్థలు సాధారణ టిక్కెట్టుపై 15 కిలోల సామానును, 7 కిలోల చేతిసంచిని అనుమతించుచున్నవి. 2021 నుండి, చేతిసంచి మాత్రమే గల తక్కువ ధర టిక్కెట్లు అమ్ముటకు కూడ అనుమతి కలదు. పెట్టె ఉన్నవాడు ఆ టిక్కెట్టు కొన్నచో మిగిలినది స్వల్పం, పోయినది అధికం. అంతేకాదు, ఆ 15 కిలోలు ఒకే పెట్టెలో ఉండవలెనని కొన్ని సంస్థలు నియమించుచున్నవి. ఏడేసి కిలోల రెండు సంచులు తెచ్చినవాడు బరువు మించకపోయినను అదనంగా చెల్లించవలసి వచ్చును. అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీని చేతిసంచిలో ఉంచుకొన్నచో భద్రతా సిబ్బంది అడ్డుపెట్టవచ్చును. అప్పుడు జాడీని వదలుకొనుటయో, దాని కొరకు రుసుము కట్టుటయో తప్పదు. బరువు మించునని తోచినచో ఇంటి వద్దనే తూచి, ముందుగానే అదనపు కిలోలు కొనవలెను. కౌంటరు ధర కంటె అది తక్కువ.

రెండవది తెరపై కనబడు ప్రతి గడిని చదువుట. బీమా, ఫలహారం, త్వరిత ప్రవేశం మొదలైనవి మీరు కోరక పూర్వమే గుర్తు పెట్టి ఉన్నచో తీసివేయవలెను. కుర్చీల పటంలో అన్నింటికీ ధర కనబడినంత మాత్రాన కొనక తప్పదని భ్రమపడరాదు. ఎంపికను దాటవేసినచో సంస్థయే ఏదో ఒక కుర్చీని ఉచితంగా కేటాయించును. చివరి అంకె చూచిన తరువాతనే రెండు సంస్థల ధరలను పోల్చవలెను. మొదటి అంకెను చూచి మురియుట పొరపాటు.

మూడవది పేరు. గుర్తింపు పత్రంలో ఉన్నట్లే, అక్షరం పొల్లు పోకుండ టిక్కెట్టుపై ఉండవలెను. మన పేర్లలో ఇంటిపేరు ముందుండునా, వెనుకనుండునా అను తికమక ఎప్పుడూ ఉన్నదే. మహమ్మద్ అను ఒక్క పేరునే ఆంగ్లంలో నాలుగు విధాల వ్రాయుదురు. అదే వ్యక్తి పేరులోని తప్పును టిక్కెట్టు కొన్న 24 గంటలలోగా తెలిపినచో సరిదిద్దుటకు సొమ్ము అడుగరాదని మన దేశ నియమాలు చెప్పినవి. కావున కొన్న వెంటనే ఒకసారి సరిచూచుకొనుట మేలు.

నాలుగవది విద్యార్థుల హక్కు. కొన్ని సంస్థలు విద్యార్థులకు ధర తగ్గింపుతో పాటు అదనపు సామానును కూడ అనుమతించుచున్నవి. దానికి కళాశాల గుర్తింపు పత్రం చెల్లుబాటులో ఉండవలెను, విమానాశ్రయంలో చూపవలెను. ఎందరు విద్యార్థులకు ఈ సంగతి తెలియును?

అసలు విషయం ఇక్కడనే ఉన్నది. నెలకు నాలుగుసార్లు విమానమెక్కు ఉద్యోగి ఈ రుసుములలో ఒక్కటియు చెల్లించడు. అతనికి దారులన్నీ తెలియును. జీవితంలో మొదటిసారి ఎక్కినవాడే అన్నీ చెల్లించును. నియమాలు ఆంగ్లంలో, చిన్న అక్షరాలలో ఉండును. కరీంనగరం నుండియో కడప నుండియో వచ్చిన వలస కూలీ కౌంటరు ప్రక్కన నేలపై పెట్టె విప్పి, పిల్లలకు కొన్న బట్టలలో ఏవి ఉంచవలెనో ఏవి తీయవలెనో తేల్చుకొనలేక నిలుచుట శంషాబాదులో అపూర్వ దృశ్యం కాదు. ధనవంతునికి మిగులు, పేదవానికి తగులు అయిన ధరను చౌక ధర అనుట ఎట్లు? ఎవరి కొరకు ఈ విమానాలు నేలకు దిగివచ్చినవని చెప్పుకొందుమో, వారి వద్దనే హెచ్చు వసూలగుచున్నది.

ఇది కళాశాల పని కాదని కొందరు అనవచ్చును. చదువుకొన్నవాని చదువు ఇంటివారికి అక్కరకు రానిచో ఆ చదువెందుకు? మన విద్యార్థుల ఇండ్లలో చాలవాటిలో మొదట ఆంగ్లం చదివినవారు వారే; తండ్రి టిక్కెట్టును, అన్న వీసాను చదివి చెప్పవలసినవారు వారే. కావున కళాశాల కమిటీ వారికి నా విన్నపములు నాలుగు. గుర్తింపు పత్రంపై చెల్లుబాటు తేదీని స్పష్టంగా ముద్రింపించవలెను. ప్రయాణ నియమాలను తెలుగులోను, ఉర్దూలోను ఒక్క పుటలో వ్రాయించి ప్రకటన ఫలకంపై ఉంచవలెను. నియమాలు మారును గనుక ఏటేట సవరింపవలెను. సెలవులకు ముందు వారం గ్రంథాలయంలో ఒక తూకపు యంత్రాన్ని, ఇద్దరు సీనియర్ విద్యార్థులను అందుబాటులో ఉంచవలెను. అన్యాయం జరిగినవారికి జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 సంఖ్యను, ప్రభుత్వ ఎయిర్‌సేవ వేదికను పరిచయం చేయవలెను. వీనికి అగు ఖర్చు స్వల్పం.

సోదర విద్యార్థులారా! కోరి పొందిన సేవకు రుసుము చెల్లించుటకు వెనుదీయకుడు, అది మర్యాద. తెలియనితనానికి జరిమానా మాత్రం మీరు చెల్లింపకుడు, మీ వారిచే చెల్లింపనీయకుడు. ఈ వేసవిలో మీ వాడలో ఎవరైన విమానమెక్కుచున్నచో, వారి టిక్కెట్టును ఒకసారి అడిగి తీసికొని, చివరి గీత వరకు చదివి వినిపింపుడు.