పులి కనిపించని అడవి

నల్లమల చూసి వచ్చిన మనిషిని ఇరుగుపొరుగువారు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "పులి కనిపించిందా?" కనిపించలేదని చెబితే, "అయితే మరేం చూశారండీ?" అన్నది రెండవ ప్రశ్న. అందులో వెటకారమేమీ ఉండదు. నిజంగానే తెలియక అడుగుతారు. బదులు చెప్పవలసినవాడు కూడా ఒక క్షణం తడుముకొని, "ఏముంది, చెట్లు, కొండలు, ఎండుటాకులు" అని ప్రసంగం ముగిస్తాడు. పోయి వచ్చిన శ్రమ, చేసిన ఖర్చు వృథా అయినవన్న విచారం ఇద్దరికీ కలుగుతుంది. అడవిని గురించి చదువుకున్నవారికి గల అజ్ఞానమంతా ఈ రెండు ప్రశ్నలలో ఇమిడి ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

పులిని చూడగోరడం తప్పు అనడానికి వీలులేదు. ఈ అరణ్యంలో పెద్ద భాగాన్ని 1978లో అభయారణ్యంగాను, 1983లో పులుల సంరక్షణ పథకం కిందను చేర్చారు. ఆ జంతువు పేరు లేకపోతే ఈ కొండలకు ఈపాటి రక్షణ కూడా దక్కేది కాదేమో. అయితే పులి ప్రఖ్యాతి పెరిగిన కొద్దీ దాని నీడలో అడవి మరుగున పడింది. తుమ్మలబయలు వద్ద జీపెక్కి, కొంతసేపు అటూ ఇటూ కళ్ళు చికిలించి చూసి, దిగుతూ "ఏమీ లేదు" అని పెదవి విరిచే యాత్రికుడు, తాను వెదికినది దొరకలేదు గనుక అక్కడ ఉన్నదానిని లెక్కలోకి తీసుకోడు.

నల్లమలను చూడగోరేవాడు పొలాల నుండి బయలుదేరాలి. ఈ మాట కొంత వింతగా తోచవచ్చు. నంద్యాల నుండి కొండల వైపు సాగి మహానందికి పోయే బాటను చూస్తే వింత తీరిపోతుంది. బాట పొడుగునా వరిమళ్ళు, వాటిని దాటితే అరటితోటలు, తోటల వెనుక నీలంగా కొండ. గుడి కోనేటిలో నీరు ఏడాది పొడుగునా ఊరుతూనే ఉంటుంది. అడుగున పడిన చిల్లర కాసు పైకి కనిపించేటంత తేటగా ఉంటుంది. భక్తులు స్నానం చేస్తారు, తీర్థం పుచ్చుకుంటారు, నందికి మొక్కుకొని బస్సెక్కుతారు. ఈ నీరెక్కడిదని అడిగితే స్వామివారి కృప అంటారు. అదీ నిజమే కావచ్చు. ఆ కృప నడిచి వచ్చిన దారి మాత్రం గుడి వెనుకనే, కొండ మీద, పచ్చగా కనిపిస్తూ ఉంటుంది. శ్రావణ భాద్రపదాలలో కురిసిన వాన అక్కడ మొదట ఆకు మీద పడుతుంది. అక్కడి నుండి ఎండుటాకుల పరుపు మీదకు జారుతుంది. వేళ్ళ పక్కగా మట్టిలోకి, మట్టిలో నుండి రాతి నెరియలలోకి తీరుబడిగా దిగుతుంది. బోడికొండ మీద పడిన వాన ఒక్క పూటలో ఎర్రటి వరదై మట్టిని కూడా వెంటబెట్టుకొని పోతుంది. చెట్టున్న కొండ అదే వానను నెలల తరబడి దాచి, వేసవిలో బొట్టు బొట్టుగా లెక్కపెట్టి ఇస్తుంది. కోనేరు దాటిన నీరు కాలువలై తోటలకు పారుతుంది. నంద్యాల సంతలో అరటిగెల కొన్నవాడు నల్లమలలో ఒక చిన్న ముక్కను భుజాన వేసుకొని ఇంటికి పోతున్నాడు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇక అడవిలోకి. నంద్యాల నుండి గిద్దలూరుకు పోయే రైలు గాజులపల్లె దాటిన తరువాత కొండలలో ప్రవేశిస్తుంది. 1880 దశకంలో వేసిన మీటరు గేజి దారి అది; 1990 దశకంలో వెడల్పు చేసినప్పుడు కొంతమేర పక్కకు జరిగింది. దొరబావి లోయ మీది ఎత్తయిన పాత వంతెన అప్పటితో పనిలేనిదైంది. ఒకప్పుడు ఇంజను కూతలతో దద్దరిల్లిన చోటును అడవి ఏ ఆర్భాటమూ లేకుండా తిరిగి తీసుకుంటున్నది. చలమ, దిగువమెట్ట వంటి చిన్న స్టేషన్లలో రైలు ఆగితే, పెట్టెలోని మాటలు సైతం తమంతట తామే తగ్గిపోతాయి.

ఈ అడవిని ఫాల్గుణంలో చూడాలి. పచ్చదనం కోరి వచ్చేవారికి ఆ మాసం నచ్చదు. టేకు ఆకు రాల్చి ఉంటుంది; నల్లమద్ది మొసలి వీపు వంటి బెరడుతో నిలబడి ఉంటుంది; వెదురు పసుపుబారి ఉంటుంది. ఆకు లేని ఆ కాలంలోనే మోదుగ ఎర్రగా, కొండగోగు బంగారు వన్నెలో పూస్తాయి. తెల్లవారుజామున ఇప్పపూలు ఒకటొకటిగా నేల మీద రాలుతాయి. వాటి కొరకు ఎలుగు వస్తుంది, దుప్పి వస్తుంది, గంప పట్టుకొని మనిషీ వస్తాడు. నేలంతా ఎండుటాకులు గనుక ఏ ప్రాణీ చప్పుడు చేయకుండా కదలలేదు. తొండ పరుగెత్తినా ఏదో పెద్ద జంతువు వచ్చినట్లుంటుంది. అంతలో కొండముచ్చు ఒక్క కేక వేస్తుంది. ఆ కేకతో దుప్పులు చెవులు నిక్కిస్తాయి, అడవికోడి గుబురులోకి తప్పుకుంటుంది, ఒక నిమిషం పాటు గాలి కూడా బిగబట్టినట్లుంటుంది. పులి కనబడకపోయినా ఉన్నదని తెలిసేది అప్పుడే. కొత్తవాడు దీనినంతా నిశ్శబ్దమంటాడు. చెంచువానికి అది మాటలు తెలిసిన సంభాషణ.

చెంచుల ప్రసక్తి లేకుండా నల్లమలను వర్ణించే అలవాటు ఈమధ్య బాగా ప్రబలింది. యాత్రా ప్రకటనలలో "జనసంచారం లేని అరణ్యం" అని రాస్తారు. తేనె పట్టినవారు, బంక తీసినవారు, ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో చెప్పగలవారు ఆ అరణ్యంలో తరతరాలుగా ఉంటూనే ఉన్నారు. అహోబిల నరసింహుడు చెంచు ఆడపడుచును పెళ్ళాడాడని కథ చెప్పుకునే జాతి, ఆమె పుట్టింటివారిని మాత్రం బొమ్మలో నుండి చెరిపివేస్తున్నది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. వచ్చినా, అడవికి తామే పరాయివారమన్నట్లు వారు సంజాయిషీ చెప్పుకోవలసిన సందర్భాలు తొలగిపోలేదు. సంజాయిషీ అడగవలసినది ఎవరినో దారి పక్కన పడి ఉన్న నీళ్ళ సీసాలే చెబుతాయి.

శ్రీశైలం దారి పక్కన ప్లాస్టిక్ కుప్పలను, వాటి చుట్టూ చేరిన కోతులను చూడని యాత్రికుడు ఉండడు. పుణ్యమని అరటిపండు విసిరేవారు, ఆ పండుతో కోతికి అడవిలో వెదుక్కొని తినే విద్య మరపిస్తున్నామని ఎరుగరు. కారు ఆపి పాటలు మోగించేవారి సంగతి చెప్పనక్కరలేదు. మన్ననూరు వైపు రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు వరకు వాహనాలను ఆపడాన్ని కొందరు తమ స్వేచ్ఛకు భంగమని వాదిస్తుంటారు. ఆ తొమ్మిది గంటలైనా రోడ్డు దాని అసలు యజమానులకు దక్కుతున్నదని సంతోషించవలసిన విషయం అది.

ఇందుకు ఒక ఎదురు మాట ఉంది, అది తోసిపుచ్చదగినది కాదు. జనం రాకపోతే అడవి మీద జనానికి ప్రేమ ఎట్లా పుడుతుంది? విడుదులు, జీపులు ఉంటేనే గదా చుట్టుపక్కల కుర్రవాళ్ళకు నాలుగు రూకలు? నిజమే. తలుపు మూయమని ఎవరూ అనరాదు. కాని వచ్చేవారి సంఖ్యను బట్టి గొప్ప లెక్కకట్టే పద్ధతి, చూపవలసినది పులి ఒక్కటే అన్న ఆశ, ఈ రెండూ కలిసి అడవిని తిరునాళ్ళ ప్రదర్శనగా మార్చివేస్తాయి. ఆ కుర్రవాళ్ళనే వెంటబెట్టుకొని, కాలినడకన, పది మందికి మించకుండా, అడవి అంచున ఊళ్ళూ వాగులూ చెరువులూ చూపించే ఏర్పాటు ఉంటే సంపాదనకు లోటు రాదు; చెంచువానికి జీపు తోలేవాని కొలువే గాక గురువు పీట కూడా దక్కుతుంది.

అటువంటి నడక కంభం దగ్గర ముగియడం సమంజసం. గుండ్ల బ్రహ్మేశ్వరం కొండల్లో పుట్టిన గుండ్లకమ్మ మైదానంలోకి వచ్చేచోట, రెండు గుట్టల నడుమ కట్ట వేసి ఆపిన చెరువు అది. కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని అక్కడివారు చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడాలలో దీనికి చోటిచ్చింది. అదే ఏడాది కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువుకూ ఇచ్చింది. పోరుమామిళ్ళ చెరువు కథ ఇంకా చిత్రమైనది. 1369లో దానిని కట్టించిన భాస్కర భవదూరుడు చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను శిలాశాసనంలో చెక్కించాడు. ధనవంతుడైన రాజు, మంచి నేలలతో పాటు, దూరం నుండి తియ్యని నీరు తెచ్చే నదినీ, చెరువును అంటి ఉండే కొండనూ ఆ పట్టికలో చేర్చారు. కొండను చెరువులో ఒక అంగంగా ఎంచినవారికి అడవి వేరు, పొలం వేరు అని తోచి ఉండదు.

ఇంజనీర్లు, అటవీ అధికారులు, వ్యవసాయశాఖవారు నేడు మూడు వేర్వేరు కచేరీలలో కూర్చుంటారు. వారి పటాలలో నల్లమల పచ్చరంగు ఒక గీత దగ్గర ఆగిపోతుంది. గుండ్లకమ్మకు ఆ గీత తెలియదు. మంచి వానల ఏడాది కంభం చెరువు సముద్రంలా ఉంటుంది. వానలు ముఖం చాటేసిన ఏళ్ళలో నీరు గుట్టల వైపు ముడుచుకుపోయి, అడుగు నెర్రెలు తీస్తుంది. అప్పుడు ఆయకట్టు రైతులు సాయంత్రం పూట కట్ట మీదికి వచ్చి, తువ్వాలు పరచుకొని కూర్చుని, పడమటి కొండల వైపు చూస్తుంటారు. అక్కడ మబ్బు పట్టిందా, వాగు కదిలిందా అని ఒకరినొకరు అడుగుతారు. పులి సంగతి వారిలో ఎవరూ అడగరు.