గులాబీ దండ వాడిపోయాక

మే నెల మొదటి శనివారం వచ్చిందంటే మా లూయీవిల్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళలో కూడా డెర్బీ పార్టీయే. ఆడవాళ్ళు పట్టుచీరల మీద పూలటోపీలు పెట్టుకుంటారు. మగవాళ్ళం పుదీనా వేసిన బూర్బన్ పుచ్చుకుని, గుర్రాల పేర్లు చీట్ల మీద రాసి తలా అయిదు డాలర్లూ కాస్తాం. రెండు నిమిషాల్లో పందెం అయిపోతుంది, బిరియానీ మిగులుతుంది. మొన్న ఒక మిత్రుడు, "పుడితే డెర్బీ గుర్రంగా పుట్టాలండీ! నాలుగు పరుగులు తీస్తే చాలు, జన్మంతా మహారాజభోగం" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పూట నేను చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

అసలు ఛాంపియన్ గుర్రం 'కెరీర్' అన్న మాటకే నా అభ్యంతరం. సెక్రటేరియట్‌నే చూడండి. 1973లో ట్రిపుల్ క్రౌన్ గెలిచింది. బెల్మాంట్‌లో మైలున్నర దూరాన్ని 2 నిమిషాల 24 సెకన్లలో పరిగెత్తి, రెండో గుర్రాన్ని 31 లెంగ్తుల వెనక వదిలేసింది. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. అంతటి గుర్రం మొత్తం పరిగెత్తింది 21 పందాలు, పదహారు నెలలు. కాలు విరిగిందా? లేదు. ట్రిపుల్ క్రౌన్‌కు ముందే దాన్ని 32 వాటాలు చేసి, వాటా 1,90,000 డాలర్ల చొప్పున అమ్మేశారు. ఆ ఏడాదితో పరుగు ఆపాలని ఒప్పందం. పరిగెత్తిస్తే వచ్చేదానికన్నా ఆడగుర్రాలను దాటిస్తే వచ్చేది ఎక్కువ మరి. మన భాషలో చెప్పాలంటే, అక్కడ బిల్లింగ్ రేటు ఎక్కువ.

మరి ఏళ్ళ తరబడి పరిగెత్తిన మహాగుర్రాలు ఏవి? 1960 నుంచి 1964 దాకా వరసగా అయిదేళ్ళు 'హార్స్ ఆఫ్ ది ఇయర్' అయిన కెల్సో. తొమ్మిదేళ్ళ వయసులో, 1984లో, రెండోసారి ఆ బిరుదు కొట్టిన జాన్ హెన్రీ. రెండూ విత్తులు కొట్టేసిన గుర్రాలే! సంతానం యోగం లేదు గనక పరుగు దక్కింది.

ఇక ఫెర్డినాండ్. 1986 డెర్బీ విజేత. దాని జాకీ షూమేకర్ వయసు 54, ట్రైనర్ విటింగ్‌హామ్ వయసు 73. ముసలాళ్ళు గెలిచారని దేశమంతా మురిసిపోయింది. మరుసటి ఏడు బ్రీడర్స్ కప్ క్లాసిక్‌లో, ఆ ఏటి డెర్బీ విజేత ఆలిషీబాను ముక్కు తేడాతో ఓడించి 'హార్స్ ఆఫ్ ది ఇయర్' కూడా అయింది. సంపాదన 37 లక్షల డాలర్ల పైమాట. పిల్లలు పెద్దగా రాణించకపోయేసరికి 1994లో జపాన్‌కు అమ్మారు. అక్కడా గిరాకీ తగ్గింది. 2002లో కబేళాకు పంపారు. అప్పటికి దాని వయసు 19.

ఈ సంగతి 2003 జూలైలో బయటపడింది. సీబిస్కట్ సినిమా విడుదలైందీ ఆ నెలలోనే. ఎం.ఎస్. చదువుతూ ఆ సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఫెర్డినాండ్ పేరు అప్పటికి విననైనా లేదు.

"మన ఊళ్ళో ముసలి ఎద్దుల్ని సంతకు తోలలేదా?" అంటారు. తోలారు. మా తాతగారూ తోలారు, ఆ రాత్రి అన్నం తినలేదు. మేతకు డబ్బుల్లేని రైతు సంగతి అది. లక్షల డాలర్లు గెలిపించుకుని, మెడలో గులాబీ దండ వేసి ఫోటోలు దిగినవాళ్ళకు ఆ సాకు చెల్లదు. ప్రాజెక్టు అయిపోగానే బెంచి మీద కూర్చోబెట్టిన కంపెనీని తిట్టుకోని తెలుగువాడు ఈ దేశంలో ఉన్నాడా? మనకైతే కనీసం రెజ్యూమే ఉంటుంది.

2016లో పిల్లల్ని తీసుకుని జార్జ్‌టౌన్‌లోని 'ఓల్డ్ ఫ్రెండ్స్' అనే ఫారానికి వెళ్ళాను. రిటైరైన గుర్రాలకు ఒక మాజీ పత్రికా విలేఖరి పెట్టిన ఆశ్రమం అది. 1997 డెర్బీ గెలిచిన సిల్వర్ చార్మ్ అక్కడ కంచె పక్కన నిలబడి ఉంది, ఒళ్ళంతా తెల్లబడిపోయి. అదీ జపాన్ వెళ్ళిన గుర్రమే. కాకపోతే పని అయిపోయాక వెనక్కి పంపేలా ముందే మాట రాసుకున్నారు. ఫెర్డినాండ్ ఉదంతం తరువాత ఇలాంటి షరతులు పెరిగాయి. 2014లో అది తిరిగి వచ్చింది. మా చిన్నవాడి చేతిలో క్యారట్ అందుకుని, ఇంకొకటుందా అన్నట్టు జేబు వాసన చూసింది.

ఆ షరతు అమ్మేవాడి మంచితనం మీద ఎందుకు ఆధారపడాలి? ప్రతి అమ్మకం పత్రంలో తప్పనిసరి చేయండి. స్టడ్ ఫీజు వసూలు చేసిన ప్రతిసారీ అందులో కొంత ఆ గుర్రం పేరనే పక్కన పెట్టండి. 2012 నుంచి రిటైరైన గుర్రాల కోసం పరిశ్రమ చందాలతో నడిచే సంస్థ ఉంది, కాదనను. కానీ చందా వేరు, బాకీ వేరు.

వచ్చే మే నెలలో పార్టీ మా ఇంట్లోనే. చీట్ల డబ్బులో సగం జార్జ్‌టౌన్‌కు, ఎండుగడ్డి ఖర్చుకు పోతుంది. ఇష్టంలేనివాళ్ళు బిరియానీ తిని వెళ్ళవచ్చు.