బస్సెక్కని ఆటగాళ్లు, 'ప్రొఫెషనలిజం' అనే మాట

పోయిన వారం అర్ధరాత్రి అమెరికా నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. హాస్టల్లో నాకు జూనియర్. ఇప్పుడు అక్కడ మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న పట్నంలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుతూ, ఒక ఇండోర్ ఫుట్‌బాల్ జట్టు ఆఫీసులో ఇంటర్న్‌గా చేస్తున్నాడు. మాట మొదలుపెట్టడమే కోపంగా మొదలుపెట్టాడు. "అన్నా, మా ప్లేయర్లకు ప్రొఫెషనలిజమే లేదన్నా. శనివారం మ్యాచ్ పెట్టుకుని శుక్రవారం బస్సెక్కం అన్నారు. రెండు మ్యాచ్‌ల డబ్బులు రాలేదంట. టికెట్లు కొన్నోళ్లకు నేనేం చెప్పాలె?"

"నీకు స్టైపెండ్ వస్తోందా?" అని అడిగిన. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తరన్నా" అన్నడు.

వాడికి ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. క్యాంపస్‌లో స్పోర్ట్స్ కోటాలో వచ్చి మధ్యలో ఆగిపోయిన పిల్లలూ, కాంట్రాక్టు కార్మికుల మధ్య పనిచేస్తున్న మిత్రులూ కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు ఆట సంగతి. ఇది మనం ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకుని బంతిని చంకలో ఇరికించుకుని ఉరికే అమెరికన్ ఫుట్‌బాల్. దాన్ని ఐస్ హాకీ ఆడే హాల్లోకి కుదించారు. 50 గజాల పొడవు, 85 అడుగుల వెడల్పు, జట్టుకు 8 మంది. చుట్టూ మెత్తలు కట్టిన గోడలు. ఆటగాడు గోడకు గుద్దుకుంటాడు, పడతాడు, లేస్తాడు. 1981లో న్యూయార్క్‌లో ఇండోర్ సాకర్ చూస్తూ జిమ్ ఫోస్టర్ అనే ఆయన ఒక కవరు మీద ఈ ఆట బొమ్మ గీసుకున్నాడు. 1987లో అరీనా ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. 1990లో ఆటకు పేటెంట్ కూడా వచ్చింది. గోల్ పోస్టుల పక్కన బంతి తగిలి వెనక్కొచ్చే వలకు సైతం చట్టం రక్షణ దొరికింది. ఆటగాడి జీతానికి దొరకలేదు.

ఇప్పుడు 2012 మార్చికి వెళ్దాం. ఫ్లోరిడాలోని ఓర్లాండోలో సీజన్ తొలి మ్యాచ్. పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాళ్లు మ్యాచ్ ముందు భోజనానికి ఒక ఆలివ్ గార్డెన్ హోటల్లో కూర్చున్నారు. అప్పటికి వాళ్ల జీతం మ్యాచ్‌కు 400 డాలర్లు. సీజన్‌లో 18 మ్యాచ్‌లు. ఒక్కటీ తప్పకుండా ఆడినా 7,200 డాలర్లు. అదే ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి ఇచ్చే కనీస జీతం 3,90,000 డాలర్లు. జీతం పెంచకపోతే ఆడబోమని యూనియన్ సమ్మె మాట ఎత్తింది. జట్టు యజమాని ఆ భోజనాల దగ్గరే లేచి, మీ అందర్నీ తీసేస్తున్నా అన్నాడు. ప్లేట్ల ముందు కూర్చున్న మనుషులు ఊరు కాని ఊర్లో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కొందరు మళ్లీ సంతకం పెట్టారు. మిగతా చోట్లలో కొత్తవాళ్లను దింపారు. ఆ రాత్రి మ్యాచ్ జరిగింది, టీవీలో వచ్చింది.

ఆ రోజు ప్రొఫెషనలిజం ఎవరికి లేదు, తమ్ముడూ?

నా సంగతి ఒకటి చెప్తా. కొన్నేళ్ల కింద ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా పాఠాలు చెప్పేవాణ్ని. క్లాసుకింత అని లెక్క. అయిదు నెలలు ఒక్క రూపాయి రాలేదు. పరీక్ష పేపర్లు దిద్దం అని నలుగురం చెప్పినం. ప్రిన్సిపాల్ పిలిచి, "మీరు కొంచెం ప్రొఫెషనల్‌గా ఉండాలండీ, పిల్లల భవిష్యత్తు" అన్నాడు. ఆయన జీతం ఒకటో తారీఖున పడేది. పేపర్లు దిద్దినం. సిగ్గుపడి దిద్దినం. ఆ మాటకు అంత బలం ఉందని ఆ రోజే తెలిసింది.

ఆ మాట చట్టంలోకి దిగితే ఏమవుతుందో చూడాలంటే మళ్లీ ఫ్లోరిడాకే పోవాలి. పనిలో దెబ్బతగిలితే నష్టపరిహారం ఇచ్చే ఆ రాష్ట్ర చట్టం, ప్రొఫెషనల్ క్రీడాకారుల పనిని అసలు 'ఉద్యోగం' లెక్కలోంచే తీసేసింది. అంటే గోడకు గుద్దుకుని భుజం విరిగితే, హోటల్లో గిన్నెలు కడిగే కార్మికుడికి ఉన్న హక్కు కూడా నీకు లేదు. ఎందుకంటే నువ్వు ప్రొఫెషనల్‌వి! కోట్లు సంపాదించే స్టార్లను మనసులో పెట్టుకుని రాసిన వాక్యం అనుకుందాం. అది మ్యాచ్‌కు 400 డాలర్ల మనిషి మీద కూడా పడుతుంది. ఈ ఆటలో దెబ్బలంటే చిన్నవి కావు. 2005 ఏప్రిల్ 10న లాస్ ఏంజెలెస్ జట్టు ఆటగాడు అల్ లూకస్ మ్యాచ్ మొదట్లోనే ఒక టాకిల్‌లో వెన్నుపాముకు దెబ్బ తగిలి చనిపోయాడు. వయసు 26. ఈ జట్ల ఫోటోలు ఒకసారి చూడండి. ఎక్కువమంది నల్లజాతి యువకులు. గోడలకు ఎవరి ఒళ్లు గుద్దుకుంటోందో నేను వేరే చెప్పక్కర్లేదు.

"ఆదరణ లేదన్నా, అందుకే జట్లు మూతపడతయ్" అన్నాడు మా తమ్ముడు. ఇది అబద్ధం కాదు గానీ, సగమే. 2008లో అరీనా లీగ్ మ్యాచ్‌కు సగటున 12 వేల మందికి పైగా వచ్చారు. జనం ఉన్నారు, టీవీ ఉంది. ఆ డిసెంబర్‌లో యజమానులు కూర్చుని 2009 సీజన్ రద్దు చేశారు. తర్వాత దివాలా. 2010లో కొత్త చేతుల్లో మళ్లీ లేచింది, 2019లో మళ్లీ దివాలా. 2024 ఏప్రిల్‌లో ఇంకొకరు అదే పేరుతో 16 జట్లంటూ మొదలుపెట్టారు. నెల తిరక్కముందే జట్లు రాలిపోయాయి, కమిషనర్ మారిపోయాడు. ఇంత గందరగోళంలోనూ జూలైలో ఫైనల్ దాకా ఆడినవాళ్లున్నారు, బిల్లింగ్స్ జట్టు కప్పు ఎత్తింది. నిలకడ లేదంటున్నారే, మరి ఆ జూలై దాకా నిలబడ్డది ఎవరు?

ఆల్బనీ కథ ఇంకా విచిత్రం. నేషనల్ అరీనా లీగ్‌లో 2021, 2022 వరసగా రెండేళ్లు గెలిచిన జట్టు. 2023లో ఎన్‌ఎఫ్‌ఎల్ మాజీ స్టార్ ఆంటోనియో బ్రౌన్ దాన్ని తీసుకున్నాడు. ఆయన తండ్రి ఎడ్డీ బ్రౌన్ అదే ఊరి పాత జట్టులో ఆడి, అరీనా ఆటలోనే గొప్పవాడనిపించుకున్న మనిషి. ఊరు సంబరపడింది. జూన్ కల్లా, కట్టాల్సిన సొమ్ము కట్టలేదని లీగు ఆ జట్టును బయటికి పంపింది. ఆటలో ఓడి పోలేదు, వాళ్లు ఛాంపియన్లు. డబ్బున్న ఒక మనిషి మీద ఊరంతా ఆధారపడింది, అక్కడ పోయింది.

అదే దేశంలో గ్రీన్ బే అనే లక్ష జనాభా పట్నం ఉంది. దాని ప్యాకర్స్ జట్టు 1923 నుంచి ఊరివాళ్ల, అభిమానుల వాటాలతో నడుస్తోంది. ఒక్క యజమాని లేడు, జట్టు ఎక్కడికీ పోలేదు. ఆ పద్ధతిలో ఇంకో జట్టు రాకుండా ఎన్‌ఎఫ్‌ఎల్ నియమం పెట్టుకుంది. ఎందుకో మీరే ఆలోచించండి.

ఇక అందరూ చెప్పే కర్ట్ వార్నర్ కథ. 1994లో ఆ ప్యాకర్స్ జట్టే అతన్ని తీసేసింది. అయోవాలో ఒక సూపర్ మార్కెట్లో గంటకు 5.50 డాలర్లకు రాత్రిపూట సరుకులు సర్దాడు. 1995లో అయోవా బార్న్‌స్టార్మర్స్ అనే అరీనా జట్టులో చేరాడు. 2000 జనవరిలో సూపర్ బౌల్ గెలిచి ఉత్తమ ఆటగాడయ్యాడు. గొప్ప కథే, నాకూ ఇష్టమే. కానీ పాతికేళ్లుగా ప్రతి చిన్న జట్టు ఆఫీసులోనూ జీతం బదులు ఈ కథ పంచుతున్నారు. ఈ కథ మన దాకా కూడా వచ్చింది. 2011లో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ప్రకటించినప్పుడు వెనకున్న పేర్లలో వార్నర్ పేరూ ఉంది. హైదరాబాద్ స్కైకింగ్స్ అని మనకూ ఒక జట్టు పెట్టారు. ఆ ఆటలు కొలంబోలో ఆడించి తర్వాత టీవీలో వేశారు. మీలో ఎంతమందికి స్కైకింగ్స్ గుర్తుంది? ఒక్కడు పైకొచ్చాడని చూపించి, మిగతా అందర్నీ నోరు మూసుకోమనడం మనకు కొత్త సంగతా?

నాకు నిజంగా కష్టమనిపించే వాదన ఒకటుంది. చాలామంది ఆటగాళ్లు డబ్బు రాకపోయినా ఆడతామంటారు. వాళ్లకు కావాల్సింది మ్యాచ్ వీడియో. అది చూసి పెద్ద లీగు పిలుస్తుందని ఆశ. జీతానికి గ్యారంటీ కావాలంటే సగం జట్లు పుట్టవు, ఆ ఆశ కూడా పోతుంది. దీనికి నా దగ్గర సుఖమైన జవాబు లేదు. యజమానులందరూ దొంగలు కాదు, సొంత ఆస్తి పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అయినా అంటా: డబ్బు లేకపోతే అమెచ్యూర్ ఆట అని బోర్డు పెట్టండి. ఆదివారం సరదాగా ఆడుకుంటారు, సోమవారం పనికి పోతారు. ప్రొఫెషనల్ అని టికెట్ అమ్మితే మాత్రం సీజన్ జీతం మొత్తం, దెబ్బలకు ఇన్సూరెన్స్, జట్టు మధ్యలో మూతపడితే ఆటగాడు ఇంటికి చేరే ఖర్చు, ఇవన్నీ మొదటి టికెట్ అమ్మకముందే లీగు దగ్గర డిపాజిట్ ఉండాలి.

ఇది పెద్ద విప్లవమేం కాదు. మన మున్సిపాలిటీల్లో పారిశుధ్య కార్మికుల జీతాల కోసం లేబర్ ఆఫీసు మెట్లు ఎక్కినవాళ్లకు తెలుసు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే రాశారు. అది ఎంత అమలైందన్నది వేరే యుద్ధం. రాత ఉంది కాబట్టే అడగగలిగినం. జట్టు యజమాని కాంట్రాక్టరు లాంటోడు, అసలు యజమాని లీగు. పేరు లీగుది, షెడ్యూలు లీగుది, జట్టు ఫీజూ లీగుకే. జీతం దగ్గరికి రాగానే "అది ఆ జట్టుకూ ఆటగాళ్లకూ మధ్య విషయం" అంటే ఎట్లా?

తమ్ముడికి ఇదంతా రాసి పంపితే రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. కోపం తగ్గింది. గురువారానికి చెక్కులిస్తామని ఆఫీసువాళ్లు మాటిచ్చారట. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి బస్సు. చెక్కులు చేతిలో పడకపోతే ఆటగాళ్లు బస్సు పక్కనే నిలబడతారట. ఆ రోజు ఎవరెవరు వచ్చారో పేర్లు రాసి పైకి పంపే డ్యూటీ వాడికే వేశారు. "ఏం చెయ్యాలన్నా?" అని అడిగాడు. ముందు నీ ఇంటర్న్‌షిప్ కాగితం మీద ఏముందో ఫోటో తీసి పంపు, చదివి చెప్తా అన్నా. ఇంకా పంపలేదు.