ఒక్క పన్ను తేడా.. ఆగిపోయిన రూలు!

సైకిల్‌ రేసుల్లో ప్రమాదాలు తగ్గించేందుకు గేరుకు పరిమితి పెట్టాలని అంతర్జాతీయ సైక్లింగ్‌ సమాఖ్య (యూసీఐ) అనుకుంది. 2025 అక్టోబరులో చైనాలో జరిగే టూర్‌ ఆఫ్‌ గ్వాంగ్షీలో ప్రయోగాత్మకంగా అమలు చేస్తామని ప్రకటించింది. రేసు ఇంకో అయిదు రోజులుందనగా బెల్జియంలోని పోటీ నియంత్రణ సంస్థ ఆ ప్రయోగాన్ని నిలిపేసింది. సైకిల్‌ గేరుకూ, పోటీ చట్టానికీ సంబంధం ఏమిటి? క్రీడలు, చట్టం, ఇంజినీరింగ్‌.. మూడూ కలిసిన ఈ వ్యవహారం ఉద్యోగార్థులకు మంచి అధ్యయనాంశం.

అసలేం జరిగింది?

యూసీఐ ప్రధాన కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని ఏగ్ల్‌లో ఉంది. ప్రపంచంలో ఏ పెద్ద సైకిల్‌ రేసు జరగాలన్నా దాని నిబంధనలే ప్రమాణం. రైడర్లు వాడగలిగే అతి పెద్ద గేరు 54×11 మాత్రమే ఉండాలని, దాని ప్రభావం ఎలా ఉంటుందో ఒక రేసులో చూస్తామని ఆ సంస్థ 2025లో చెప్పింది. దీనిపై అమెరికాలోని షికాగో కేంద్రంగా పనిచేసే గేర్ల తయారీ కంపెనీ స్రామ్‌ సెప్టెంబరులో బెల్జియన్‌ కాంపిటీషన్‌ అథారిటీకి ఫిర్యాదు చేసింది. అక్టోబరు 9న ఆ సంస్థ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 14న మొదలైన రేసు గేరు పరిమితి లేకుండానే సాగింది. అప్పీలుకు వెళ్తామని యూసీఐ ప్రకటించింది.

సమాఖ్య ఉన్నది స్విట్జర్లాండ్‌లో. ఫిర్యాదు చేసింది అమెరికా కంపెనీ. రేసు చైనాలో. ఉత్తర్వు బెల్జియంలో! ఇదెలా సాధ్యమన్న సందేహం రావడం సహజం. ఐరోపా సమాఖ్య పోటీ చట్టంలోని 101, 102 అధికరణాలను సభ్యదేశాల నియంత్రణ సంస్థలు కూడా అమలు చేయవచ్చు. ఒక నిర్ణయం ఎక్కడ తీసుకున్నా, దాని ప్రభావం ఐరోపా మార్కెట్‌పై పడితే ఆ చట్టం వర్తిస్తుంది.

గేరు లెక్క ఇదీ..

54×11 అంటే ఏమిటి? పెడల్‌ దగ్గరుండే పెద్ద పళ్లచక్రానికి 54 పళ్లు. వెనక చక్రానికి ఉండే వాటిలో అతి చిన్నదానికి 11 పళ్లు. ముందు చక్రం ఒకసారి తిరిగితే వెనక చక్రం 54÷11, అంటే దాదాపు 4.91 సార్లు తిరుగుతుంది. ఒక్క తొక్కుకు సైకిల్‌ 10.46 మీటర్లు ముందుకెళ్తుంది. యూసీఐ పెట్టాలనుకున్న హద్దు ఇదే.

జపాన్‌ కంపెనీ షిమానో రోడ్డు రేసు గేర్లలో అతి చిన్న పళ్లచక్రం 11 పళ్లది. స్రామ్‌ 2019 నుంచి 10 పళ్ల చక్రాన్ని తీసుకొచ్చింది. ఇప్పుడు ఈ రెండింటికీ హద్దు పెట్టి చూడండి. 54×11 గేరున్న షిమానో రైడర్‌ ఏ మార్పూ చేసుకోనక్కర్లేదు. స్రామ్‌ రైడర్‌ ముందు 54కు బదులు 50 పళ్ల చక్రం బిగించుకున్నా, వెనక 10తో కలిస్తే నిష్పత్తి 5.0 అవుతుంది. అదీ హద్దు దాటినట్టే. ఇక మిగిలింది, 10 పళ్ల గేరు పడకుండా లాక్‌ చేయడం. అప్పుడు 12 గేర్లకు డబ్బులు పెట్టి 11తో రేసుకు దిగినట్టవుతుంది. కాగితం మీద చూస్తే రూలు అందరికీ ఒక్కటే. భారం మాత్రం ఎక్కువగా ఒక కంపెనీ మీదే పడుతోంది.

ఇది చిన్న విషయం కాదు. రెండుసార్లు టూర్‌ డి ఫ్రాన్స్‌ గెలిచిన యోనాస్‌ వింగెగార్డ్‌ జట్టు వాడేది స్రామ్‌ గేర్లే. ఆయన ప్రధాన ప్రత్యర్థి తదేయ్‌ పొగాచర్‌ జట్టు వాడేది షిమానో.

భద్రత వాదనలో బలమెంత?

యూసీఐకి ఈ ఆలోచన ఊరికే రాలేదు. 2023 జూన్‌లో టూర్‌ ద స్విస్‌లో అల్బులా కనుమ దిగుతూ 26 ఏళ్ల జీనో మేడర్‌ లోయలో పడి ప్రాణాలు కోల్పోయాడు. 2024 జులైలో ఆస్ట్రియాలో ఆంద్రే డ్రెగే, సెప్టెంబరులో జ్యూరిక్‌ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 18 ఏళ్ల మ్యూరియల్‌ ఫ్యూరర్‌ మరణించారు. 2024 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని బాస్క్‌ ప్రాంతంలో జరిగిన రేసులో ఒకే ప్రమాదంలో వింగెగార్డ్‌, రెమ్కో ఎవెన్‌పూల్‌, ప్రిమోజ్‌ రోగ్లిచ్‌ ముగ్గురూ కిందపడ్డారు. వింగెగార్డ్‌కు కాలర్‌బోన్‌, పక్కటెముకలు విరిగాయి. ఊపిరితిత్తి దెబ్బతింది.

వేగం మాత్రం ఏటికేడు పెరుగుతోంది. 2025 టూర్‌ డి ఫ్రాన్స్‌ను పొగాచర్‌ గంటకు సుమారు 42.8 కిలోమీటర్ల సగటు వేగంతో గెలిచాడు. మూడు వారాల పాటు కొండలెక్కి దిగిన రేసులో ఇది సగటు! పెద్ద గేరు ఉండబట్టే దిగుడులోనూ తొక్కుతూ ముందున్నవాళ్లను దాటేయాలనే ఆశ పుడుతోందని, గేరుకు హద్దు ఉంటే ఒక వేగం దాటాక ఎవరూ ఎవర్నీ దాటే ప్రయత్నం చేయరని మద్దతుదారులు అంటున్నారు. బెల్జియం స్టార్‌ వౌట్‌ వాన్‌ ఆర్ట్‌ కూడా గేర్ల పరిమితిని బహిరంగంగా సమర్థించాడు. 2024 మార్చిలో అతి వేగంగా సాగిన రేసులో పడి తీవ్రంగా గాయపడినవాడు కాబట్టి, ఆయన మాటను ‘బయటివాళ్లకేం తెలుసు’ అని కొట్టిపారేయలేం.

కాదనేవాళ్ల లెక్క

రెండో వైపు వాదన అంకెలతోనే మొదలవుతుంది. 54×11తో నిమిషానికి 110 సార్లు తొక్కితే వేగం గంటకు 69 కి.మీ. 54×10తో అదే లయలో తొక్కితే దాదాపు 76 కి.మీ. తేడా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ 54×11 రైడర్‌ నిమిషానికి మరో 11 సార్లు ఎక్కువ తొక్కితే చాలు, అదే 76కు చేరిపోతాడు. ప్రొఫెషనల్‌ రైడర్‌కు అది పెద్ద పనేం కాదు.

ఇంకో మాట. నిటారు దిగుడులో వేగం 80, 90 దాటాక ఎవరూ తొక్కరు. ఒళ్లు ముడుచుకుని, గాలిని కోసుకుంటూ జారిపోతారు. అక్కడ గేరు పాత్ర దాదాపు సున్నా. వేగానికి కారణాలు వేరే చాలా ఉన్నాయి: గాలిని చీల్చే ఫ్రేములు, మెరుగైన టైర్లు, రేసు మధ్యలో తీసుకునే ఆహారంలో వచ్చిన మార్పులు. ప్రమాదాలకూ అంతే.. తడి రోడ్లు, ఇరుకు మలుపులు, సరైన అడ్డుకంచెలు లేకపోవడం. అందరికీ ఒకే గరిష్ఠ గేరు ఉంటే గుంపు ఇంకా దగ్గరగా చేరి, ప్రమాదం పెరగొచ్చని కూడా కొందరి భయం.

జూనియర్‌ రేసుల అనుభవాన్ని రెండు వర్గాలూ వాడుకుంటున్నాయి. వాళ్లకు ఒక తొక్కుకు 7.93 మీటర్ల హద్దు ఏళ్ల తరబడి ఉండేది. 2023 జనవరి నుంచి యూసీఐ దాన్ని ఎత్తేసింది. ‘హద్దు పెట్టడం కొత్తేం కాదు కదా’ అని ఒకరంటే, ‘పిల్లలకు ఎత్తేసి పెద్దలకు పెడతారా’ అని ఇంకొకరు అడుగుతున్నారు.

లక్ష్యం ఒక్కటే సరిపోదు

బెల్జియం సంస్థ పరిశీలించింది గేరు మంచిదా చెడ్డదా అన్నది కాదు. రైడర్ల భద్రత అనే లక్ష్యాన్ని అది తప్పుపట్టలేదు. ఒక క్రీడను శాసించే సంస్థ రూలు పెట్టేటప్పుడు నాలుగు షరతులు పాటించాలి: నిష్పాక్షికత, పారదర్శకత, వివక్ష లేకపోవడం, లక్ష్యానికి తగినంత మేరకే ఆంక్ష ఉండటం. గేరు నిబంధన తయారైన తీరు ప్రాథమికంగా ఈ పరీక్షలో నెగ్గలేదని ఆ సంస్థ భావించింది. ఇది తుది తీర్పు కాదు, మధ్యంతర ఉత్తర్వే. పరీక్షల్లో ఈ తేడా రాయకపోతే మార్కులు పోతాయి.

ఈ షరతులు సైక్లింగ్‌ కోసం కొత్తగా పుట్టినవి కావు. 2023 డిసెంబరు 21న యూరోపియన్‌ సూపర్‌ లీగ్‌ కేసులో ఐరోపా న్యాయస్థానం ఫిఫా, యూఫా విషయంలో చెప్పిందీ ఇదే. రూలు పెట్టే సంస్థే ఆ క్రీడ మార్కెట్‌నూ శాసిస్తున్నప్పుడు, దాని అధికారానికి స్పష్టమైన ప్రమాణాలు ఉండి తీరాలి.

పాత అనుభవాలు చూసినా ఇదే అర్థమవుతుంది. 2003లో పారిస్‌-నీస్‌ రేసులో ఆంద్రే కివిలెవ్‌ మరణించాక హెల్మెట్‌ తప్పనిసరి చేశారు. తలకు దెబ్బ తగలడానికీ, హెల్మెట్‌కూ ఉన్న సంబంధం ఎవరికైనా తెలుస్తుంది. భారం అందరి మీదా సమానంగా పడింది. రూలు నిలబడింది. 2025 ఆగస్టులో టూర్‌ ద రోమండీ మహిళల రేసులో జీపీఎస్‌ ట్రాకర్ల ప్రయోగం మాత్రం గొడవగా మారింది. ట్రాకర్‌ మోసే రైడర్‌ను ఎంపిక చేయడానికి ఒప్పుకోని అయిదు జట్లను రేసు నుంచి తప్పించారు. ఆపదలో ఉన్న రైడర్‌ను త్వరగా గుర్తించాలన్న ఉద్దేశం మంచిదే. జట్లతో ఏకాభిప్రాయం కుదరకుండానే ముందుకెళ్లడం వల్ల చర్చ భద్రత నుంచి పెత్తనం మీదికి మళ్లింది.

ఇక్కడే అసలు నష్టం ఉంది. గేరు పరిమితి పనిచేస్తుందో లేదో తేల్చే ప్రయోగం జరగనే లేదు. సమాఖ్య ముందుగా కంపెనీలతో, జట్లతో కూర్చుని, సమాచారం బయటపెట్టి, మారడానికి గడువిచ్చి ఉంటే ఈపాటికి ఒక జవాబైనా దొరికేది. కొండ దిగుతున్న రైడర్‌కు ఇప్పుడు గేరు హద్దూ లేదు, దానివల్ల మేలుందో లేదో తేల్చే ఆధారమూ లేదు.

మన దగ్గర ఎలా?

ఇలాంటి కేసు మనకూ ఉంది. ఐపీఎల్‌కు పోటీగా మరో ప్రొఫెషనల్‌ దేశవాళీ టీ20 లీగ్‌ను గుర్తించబోమని ప్రసార హక్కుల ఒప్పందంలో హామీ ఇచ్చినందుకు కాంపిటీషన్‌ కమిషన్‌ ఆఫ్‌ ఇండియా (సీసీఐ) 2013లో బీసీసీఐకి రూ.52.24 కోట్ల జరిమానా వేసింది. 2015లో అప్పీలు ట్రైబ్యునల్‌ దాన్ని కొట్టేసింది. 2017లో సీసీఐ మళ్లీ అంతే జరిమానా విధించింది. క్రీడా సంఘమైనా ఆర్థిక కార్యకలాపాలు చేస్తుంటే పోటీ చట్టం పరిధిలోకి వస్తుందన్నది సీసీఐ వైఖరి.

దీనికి తోడు 2025 ఆగస్టులో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. జాతీయ క్రీడా బోర్డు, జాతీయ క్రీడా ట్రైబ్యునల్‌ ఏర్పాటుకు అది వీలు కల్పిస్తుంది. క్రీడా సంఘాల నిర్ణయాలను ప్రశ్నించే వివాదాలు ఇకపై మన దగ్గరా ఎక్కువగా వినిపించవచ్చు.

ఇవి గుర్తుంచుకోండి

* కాంపిటీషన్‌ చట్టం 2002లో వచ్చింది. 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టం స్థానాన్ని తీసుకుంది.
* సెక్షన్‌ 3: పోటీకి విఘాతం కలిగించే ఒప్పందాలు. సెక్షన్‌ 4: ఆధిపత్య దుర్వినియోగం. రెండూ 2009 మే 20 నుంచి అమల్లో ఉన్నాయి.
* సెక్షన్‌ 33: మధ్యంతర ఉత్తర్వులిచ్చే అధికారం. బెల్జియం సంస్థ వాడిన అధికారం ఇలాంటిదే.
* సీసీఐ ఉత్తర్వులపై అప్పీళ్లు 2017 నుంచి ఎన్‌సీఎల్‌ఏటీకి వెళ్తున్నాయి.
* సివిల్స్‌ మెయిన్స్‌ జనరల్‌ స్టడీస్‌ రెండో పేపర్లో చట్టబద్ధ, నియంత్రణ, అర్ధన్యాయ సంస్థలు సిలబస్‌లో భాగం. క్రీడల ఉదాహరణతో రాస్తే జవాబు ప్రత్యేకంగా నిలుస్తుంది.

గ్రూప్‌ డిస్కషన్‌లో ‘భద్రత ముఖ్యమా, ఆవిష్కరణ ముఖ్యమా’ అనే అంశం ఇస్తే చాలామంది వెంటనే ఏదో ఒక పక్షం ఎత్తుకుంటారు. అలా తొందరపడకండి. ఈ కేసును తీసుకుని మూడు ప్రశ్నలు వేయండి. సమస్యకూ, ప్రతిపాదించిన పరిష్కారానికీ సంబంధం ఉందని రుజువు ఉందా? భారం ఎవరి మీద ఎంత పడుతోంది? రూలు పెట్టే ముందు ఎవరిని అడిగారు? మెకానికల్‌ విద్యార్థులైతే గేరు నిష్పత్తి లెక్కను రెండు వాక్యాల్లో చెప్పండి. లా, కామర్స్‌ విద్యార్థులైతే నాలుగు షరతులు చెప్పండి. ఈ మూడు ప్రశ్నలూ హెల్మెట్‌ రూలుకైనా, యాప్‌లపై నిషేధానికైనా, రేపు మీరు ఉద్యోగంలో చేరాక రాయబోయే సర్క్యులర్‌కైనా వర్తిస్తాయి.